బళ్ళో చదివిన తాతమ్మకు ఇంగ్లిష్ ఎందుకు రాలేదు?

మీరు అడిగింది ఇది: "మెకాలే వల్లే మన ఆడపిల్లలకు కూడా ఇంగ్లిష్ చదువు వచ్చిందని చదివాను. కానీ గోదావరి జిల్లాలో 1920ల్లో ఐదో తరగతి దాకా బడికి వెళ్ళిన మా తాతమ్మకు ఏబీసీడీలు కూడా రావట. ఆవిడ తమ్ముడు మాత్రం ఇంగ్లిష్‌లో అర్జీలు రాసిపెట్టేవాడట. ఒకే ఇంట్లో ఇంత తేడా ఎందుకు? నైజాం ప్రాంతంలోనూ ఇంతేనా?"

బీఈడీ విద్యార్థులకు ఇంగ్లిష్ బోధన పద్ధతులూ విద్యా చరిత్రా చాలాకాలం చెప్పాను కాబట్టి ఈ సందేహం నాకు బాగా పరిచయమే. సూటిగా చెప్తాను. బ్రిటిష్ ప్రభుత్వ విధానంలో ఆడపిల్లల చదువు ఒక దారి, ఇంగ్లిష్ చదువు ఇంకో దారి. రెంటికీ డబ్బు వేరు, ఉద్దేశం వేరు, తరగతులు వేరు. మీ తాతమ్మగారు మొదటి దారిలో నడిచారు, ఆవిడ తమ్ముడు రెండో దారిలో. ఆవిడ తెలివికీ శ్రద్ధకీ ఇందులో సంబంధం లేదు.

ముందు మెకాలే సంగతి. ఆయన గవర్నరు జనరల్ కౌన్సిల్ సభ్యుడు. 1835 ఫిబ్రవరి 2న ఆయన రాసిన పత్రాన్ని తిట్టేవాళ్ళూ పొగిడేవాళ్ళూ ఉన్నారు కానీ చదివినవాళ్ళు తక్కువ. అందులో సంస్కృతం గురించి, అరబ్బీ గురించి, పాలకులకూ ప్రజలకూ మధ్య దుబాసీల్లా పనిచేసే ఒక వర్గాన్ని తయారుచేయడం గురించి ఉంది. ఆడపిల్లల బడుల ఊసే లేదు. ఆ వర్గం మగవాళ్ళదేనని విడిగా చెప్పాల్సిన అవసరం కూడా ఆయనకు కనిపించలేదు. మార్చిలో గవర్నరు జనరల్ బెంటింక్ దాన్ని ప్రభుత్వ నిర్ణయంగా మార్చాడు. 1844లో అప్పటి గవర్నరు జనరల్ హార్డింజ్ ఇంగ్లిష్ చదివినవాళ్ళకు సర్కారు ఉద్యోగాల్లో ప్రాధాన్యం ఇస్తామని ప్రకటించాడు. ఇంగ్లిష్ ఇళ్ళలోకి అడుగుపెట్టింది నిజానికి ఈ 1844 ప్రకటనతోనే. ఇంగ్లిష్ అంటే కచేరీలో కొలువు. కూతురు కచేరీకి వెళ్ళదు, కాబట్టి ఫీజు కట్టి ఇంగ్లిష్ చెప్పించాల్సింది కొడుక్కే. ఏ తండ్రైనా అప్పట్లో ఇలాగే లెక్క వేసుకున్నాడు.

అంతకుముందు మన వైపు పరిస్థితి ఎలా ఉండేదో ఒక జిల్లా లెక్క చూడండి. మద్రాసు గవర్నరు మన్రో బడుల మీద వివరాలు అడిగినప్పుడు బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో నివేదిక పంపాడు. అప్పటి బళ్ళారి జిల్లా ఇప్పటి అనంతపురం ప్రాంతాన్ని కూడా కలుపుకున్నది. మొత్తం బడులు 533. కన్నడం చెప్పేవి 235, తెలుగు చెప్పేవి 226, మిగతావి మరాఠీ, పారశీకం, సంస్కృతం, తమిళం. ఇంగ్లిష్ బడి ఒక్కటంటే ఒక్కటి. పిల్లలు 6,641 మంది, వాళ్ళలో ఆడపిల్లలు 60 మంది. "బ్రిటిష్‌వాళ్ళు రాకముందు ఆడపిల్లలంతా హాయిగా చదువుకునేవాళ్ళు" అని ఈ మధ్య తిరుగుతున్న మాటను ఈ అంకె ముందు పెట్టి చూడండి. అయితే వాళ్ళు వచ్చిన వెంటనే ఈ 60 పెరగలేదన్నది కూడా అంతే నిజం. ఇళ్ళలో తండ్రి దగ్గరో అన్న దగ్గరో అక్షరాలు నేర్చుకున్నవాళ్ళు ఈ లెక్కలోకి రారు. మన కవయిత్రులు చాలామంది అలా వచ్చినవాళ్ళే.

ఇక ఆడపిల్లల బడులు. వీటిని ముందు పెట్టింది మిషనరీలు. వాళ్ళు ఇంగ్లిష్ నూరిపోశారనుకుంటాం కానీ, ప్రొటెస్టెంటు మిషన్‌లకు కావాల్సింది పిల్ల బైబిల్ చదవగలగడం, అదీ సొంత భాషలో. అందుకే తెలుగు జిల్లాల మిషన్ ప్రాథమిక బడుల్లో ఆడపిల్లలకు తెలుగు చదువు, లెక్కలు, కుట్టుపనే ఎక్కువ. ఇంగ్లిష్ వాతావరణం ఉన్నవి యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ పిల్లల కోసం నడిచిన కాన్వెంట్లు. వాటికి ప్రభుత్వ నిబంధనలే వేరు.

సర్కారు పెద్దల ఆశీస్సులతో మొదలైన ప్రసిద్ధ బడి కలకత్తాలోది. 1849 మే 7న బెథూన్ అనే ఉన్నతాధికారి 21 మంది హిందూ బాలికలతో పెట్టాడు. దాని నియమం గమనించండి: చదువు బెంగాలీలో. ఇంగ్లిష్ మాత్రం పెద్దవాళ్ళు కోరితేనే. ఆ తర్వాత బడి కార్యదర్శిగా వచ్చిన ఈశ్వరచంద్ర విద్యాసాగర్ కూడా అదే నియమం పాటించాడు. కొడుక్కి ఇంగ్లిష్ తప్పనిసరి, కూతురికి ఐచ్ఛికం. దేశం మొత్తం మీద దాదాపు వందేళ్ళు నడిచిన పద్ధతి ఇదే.

1854లో లండన్ నుంచి వచ్చిన విద్యావిధాన పత్రం ఉడ్ తాఖీదులో ఆడవాళ్ళ చదువు గురించి మంచి మాటలున్నాయి. స్త్రీలు చదివితే జనం నైతిక స్థాయి, విద్యాస్థాయి మగవాళ్ళు చదివినదానికన్నా ఎన్నో రెట్లు పెరుగుతాయని ఉంది. బాలికల బడులకూ గ్రాంటు ఇవ్వవచ్చని ఉంది. "ఇవ్వవచ్చు" అన్నచోటే అసలు చిక్కు. ముందు స్థానికులు చందాలు వేసుకోవాలి, ఆ తర్వాత సర్కారు తన వాటా కలుపుతుంది. మగపిల్లల ఇంగ్లిష్ బడికి చందా పుట్టేది, ఎందుకంటే చివర్లో ఉద్యోగం ఉంది. ఆడపిల్లల బడికి చందా ఎవరిస్తారు? విద్యాసాగర్ పై అధికారుల మాట నమ్మి 1857 నవంబరు నుంచి 1858 మే లోపు బెంగాల్ పల్లెల్లో 35 బాలికల బడులు పెట్టాడు. దాదాపు 1,300 మంది పిల్లలు చేరారు. అప్పటికి సిపాయిల తిరుగుబాటుతో ఖజానా బిగుసుకుంది. పల్లెవాళ్ళు చందా ఇవ్వలేదు కాబట్టి మేమూ ఇవ్వం అంది ప్రభుత్వం. 1858లో ఆయన ఉద్యోగానికే రాజీనామా చేశాడు. ఉడ్ తాఖీదు గురించి పరీక్షలో రాసేటప్పుడు దాని పక్కన ఈ 35 బడుల కథ కూడా రాయమని నా విద్యార్థులకు చెప్పేవాణ్ణి.

మన మద్రాసు ప్రెసిడెన్సీలో జమీందార్లూ సంస్కర్తలూ కొంత భారం మోశారు. విజయనగరం మహారాజు మద్రాసులో సైతం బాలికల బడులు నడిపించాడు. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల బడి పెట్టారు. ఆయన అక్కడ ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసింది ఇంగ్లిష్ చెప్పే ఆంగ్లో వర్నాక్యులర్ బడిలో. ఆడపిల్లల కోసం పెట్టింది తెలుగు బడి. ఆయన్ను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఆడపిల్లలకు అసలు చదువెందుకని కొక్కొండ వెంకటరత్నం పంతులు లాంటి పండితులు పత్రికలో వాదిస్తున్న రోజులవి. అక్షరం దగ్గరే అంత యుద్ధం జరుగుతుంటే ఇంగ్లిష్ దాకా వెళ్తే ఉన్న పిల్లలూ మానేసేవాళ్ళు. 1883లో ఆయన స్త్రీల కోసం ప్రత్యేకంగా నడిపిన పత్రిక కూడా తెలుగులోనే, ఇంటి విషయాలూ నీతీ ఆరోగ్యం చుట్టూనే.

దేశంలో చదువు పరిస్థితి పరిశీలించడానికి ప్రభుత్వం వేసిన 1882 నాటి హంటర్ కమిషన్ దగ్గర కాసేపు ఆగాలి. అప్పటికి దేశంలో బాలికల విద్యాసంస్థలు సుమారు 2,700, పిల్లలు లక్షా పాతిక వేల పైచిలుకు. దాదాపు అన్నీ ప్రాథమిక బడులే. కమిషన్ ముందు పుణెలో పండిత రమాబాయి సాక్ష్యమిచ్చింది. ఇరవై నాలుగేళ్ళ వితంతువు, సంస్కృతంలో దిట్ట, అప్పటికి ఇంకా ఇంగ్లండు వెళ్ళలేదు. ఈ దేశంలో చదువుకున్న మగవాళ్ళు కూడా నూటికి తొంభై తొమ్మిది మంది ఆడవాళ్ళ చదువుకు వ్యతిరేకులేననీ, ఆడదానిలో చిన్న తప్పు కనిపిస్తే ఆవగింజను కొండంత చేస్తారనీ మొహమాటం లేకుండా చెప్పింది. ఆవిడ కోరినవి చాలా ఆచరణాత్మకమైనవి: ఆడ టీచర్లు కావాలి, బడులు తనిఖీ చేసే ఆడ ఇన్‌స్పెక్టర్లు కావాలి, ఆడ డాక్టర్లు కావాలి. కమిషన్ వీటిలో మొదటి రెంటికీ దగ్గరగా వచ్చింది. బాలికల బడులకు గ్రాంటు ఉదారంగా ఇవ్వాలంది. దాంతోపాటు ఆడపిల్లలకు పాఠ్యాంశాలు సులువుగా, వేరుగా ఉండాలని కూడా అంది. దయతో చెప్పిన మాటే, కానీ తలుపు మూసింది కూడా ఆ మాటే. వేరు సిలబస్ అంటే కుట్టుపని, పాటలు, ఇంటి శుభ్రత. యూనివర్సిటీ మెట్రిక్యులేషన్ రాయాలంటే కావాల్సిన ఇంగ్లిష్ అందులో ఉండదు.

ఇప్పుడు మీ తాతమ్మగారి విషయం. దీనికి పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు, కూడికలు చాలు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఎలిమెంటరీ బడి వేరు, సెకండరీ బడి వేరు. ఎలిమెంటరీ అంటే తెలుగు చదువు, ఐదో తరగతితో చాలామందికి అక్కడితో సరి. ఇంకా చదివితే ఎనిమిదో తరగతి చివర ఈ.ఎస్.ఎల్.సి. అనే ఎలిమెంటరీ ముగింపు పరీక్ష. ఇంగ్లిష్ గట్టిగా పట్టుకునేది ఫస్టు ఫారంలో, అంటే ఇప్పటి ఆరో తరగతిలో. అక్కణ్ణించి సిక్స్తు ఫారం దాకా వెళ్ళి హైస్కూలు ముగింపు పరీక్ష ఎస్.ఎస్.ఎల్.సి. రాస్తే గుమాస్తా ఉద్యోగం. పిల్ల ఐదారేళ్ళకు బడిలో చేరితే ఐదో తరగతి పూర్తయ్యేసరికి పది పదకొండేళ్ళు. అగ్రకులాల ఇళ్ళలో అది పెళ్ళి వయసు. రజస్వల అయ్యాక మగ పంతులు ఉన్న బడికి పంపరు, ఆడ పంతులమ్మలు ఉండరు. అంటే ఇంగ్లిష్ మొదలయ్యే తరగతీ ఆడపిల్ల చదువు ఆగిపోయే వయసూ సరిగ్గా ఒకేచోట పడ్డాయి. మీ తాతమ్మగారు ఆ గీత దగ్గరే ఆగారు. తమ్ముడు గీత దాటి ఫస్టు ఫారంలో చేరాడు.

దీని మీద ఇంకో పొర ఉంది. 1904లో వైస్రాయి కర్జన్ ప్రభుత్వం విద్యావిధాన తీర్మానం చేసింది. పిల్ల ముందు సొంత భాషలో గట్టిపడాలి, ఆ తర్వాతే ఇంగ్లిష్ మొదలుపెట్టాలి, పదమూడేళ్ళ లోపు ఇంగ్లిష్ మీడియం వద్దు అని దాని సారాంశం. బోధన పరంగా ఇది మంచి సలహా. ఈ రోజుకీ భాషా బోధన నిపుణులు దాదాపు ఇదే చెబుతారు, నేనూ చెబుతాను. కానీ పదకొండేళ్ళకు బడి మానేసే పిల్లకు పదమూడో ఏట ఏం జరిగితే ఏం? మగపిల్లవాడి ఎదుగుదలను దృష్టిలో పెట్టుకుని రాసిన నియమం ఆడపిల్లకు నిషేధంలా పనిచేసింది. రాసినవాళ్ళకు ఆ ఉద్దేశం ఉండకపోవచ్చు, ఫలితం మాత్రం అది. 1920లో మద్రాసు ఎలిమెంటరీ విద్యా చట్టం వచ్చి స్థానిక సంస్థలు చదువును నిర్బంధం చేసుకోవచ్చంది. చాలాచోట్ల ఆ నిర్బంధం ముందు మగపిల్లలకే పెట్టారు. 1929 శారదా చట్టం పెళ్ళి వయసును పద్నాలుగుకు పెంచాక లెక్క కొద్దిగా మారడం మొదలైంది, అదీ కాగితం మీద ఎక్కువ, ఊళ్ళలో తక్కువ.

చెప్పే పద్ధతి కూడా మధ్యలో మానేసేవాళ్ళకు అనుకూలంగా లేదు. అప్పటి ఇంగ్లిష్ క్లాసు అంటే రీడరులో పాఠం పైకి చదవడం, మాటకు మాట తెలుగు అర్థం చెప్పడం, వ్యాకరణం విడగొట్టడం, పద్యాలు కంఠస్థం. ఆరేడేళ్ళు సాగితే ఈ పద్ధతిలోనూ గట్టి ఇంగ్లిష్ వచ్చేది, మన పాతతరం ప్లీడర్లే సాక్ష్యం. ఏడాదీ రెండేళ్ళకు ఆపేస్తే మాత్రం చేతిలో ఏమీ మిగలదు. ఢాకాలో పనిచేసిన ఇంగ్లిష్ బోధన నిపుణుడు మైకేల్ వెస్ట్ 1920ల్లో ఈ సంగతే పట్టుకున్నాడు. బెంగాల్ పిల్లలు ఎక్కువమంది మధ్యలోనే మానేస్తారు కాబట్టి ఏ రోజు మానేసినా ఎంతో కొంత ఉపయోగం దక్కేలా చదువు ఉండాలి, అందుకు ముందు చదవడం నేర్పాలి అన్నాడు. కట్టడం ఆపేసిన బీమా పాలసీకి కూడా కొంత సరెండర్ విలువ వచ్చినట్టు చదువుకూ ఉండాలని ఆయన వాదన. పరిమిత పదాలతో రీడర్లు తయారుచేశాడు. ఆయన దృష్టిలో ప్రధానంగా ఉన్నది మగపిల్లల బడులే అయినా, ఆ వాదన అందరికన్నా ఎక్కువగా అతికేది ఆడపిల్లలకు. మన బీఈడీ పాఠాల్లో వెస్ట్ పేరు పద్ధతుల జాబితాలో ఒక వరుసగా వచ్చి పోతుంది, ఈ సంబంధం ఎవరూ చెప్పరు.

మరి ఆ రోజుల్లో ఇంగ్లిష్ నేర్చిన ఆడవాళ్ళు లేరా? ఉన్నారు. ఎవరో చూడండి: క్రైస్తవ కుటుంబాల పిల్లలు, బ్రహ్మసమాజం ఇళ్ళ పిల్లలు, బాల వితంతువులు. పెళ్ళి గడియారం వీళ్ళ మీద పనిచేయలేదు, లేదా అప్పటికే ఆగిపోయింది. 1883లో కలకత్తా యూనివర్సిటీ పట్టా పొందిన ఇద్దరు తొలి మహిళల్లో చంద్రముఖీ బసు క్రైస్తవురాలు, కాదంబినీ గంగూలీ బ్రహ్మసమాజం మనిషి. ఆక్స్‌ఫర్డ్ ఆడవాళ్ళకు పట్టాలు ఇచ్చింది 1920లో, కేంబ్రిడ్జ్ 1948లో. ఈ విషయం ఎప్పుడు చెప్పినా క్లాసులో ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. మద్రాసులో ప్రెసిడెన్సీ కాలేజీ నుంచి 1911లో పట్టభద్రురాలైన సుబ్బలక్ష్మి బాల వితంతువు. మరుసటి ఏడాదే ఆమె తనలాంటి పిల్లలను చేరదీసి టీచర్లుగా తయారుచేయడం మొదలుపెట్టింది. మద్రాసు మెడికల్ కాలేజీ 1875 నుంచే ఆడవాళ్ళను చేర్చుకుంది. అక్కడ చదువంతా ఇంగ్లిష్‌లోనే. ఇంగ్లిష్ ఆడవాళ్ళకు కూడా ఉద్యోగంతో ముడిపడింది ఇక్కడే, టీచరుగా, డాక్టరుగా, నర్సుగా. 1914లో క్వీన్ మేరీస్ కాలేజీ, 1915లో విమెన్స్ క్రిస్టియన్ కాలేజీ వచ్చేదాకా మద్రాసులో ఆడవాళ్ళకంటూ డిగ్రీ కాలేజీ లేదు. మద్రాసు వెళ్ళి హాస్టల్లో ఉండి చదివిన తెలుగు అమ్మాయిలు తొలి రోజుల్లో వేళ్ళ మీద లెక్క.

ఇంగ్లిష్ వద్దన్నది ప్రభుత్వం ఒక్కటే కాదు. 1884లో పుణెలో సంస్కర్త రానడే, ఆయన మిత్రులు ఆడపిల్లలకు ఇంగ్లిష్ హైస్కూలు పెడితే తిలక్ పత్రిక గట్టిగా వ్యతిరేకించింది. ఆడపిల్లలకు దేశభాష, నీతి, కుట్టుపని చాలని, రోజంతా బడిలో కూర్చోబెడితే ఇంటిపని ఏమవుతుందని వాదన. అదే ఊళ్ళో అంతకు ముప్ఫై ఏళ్ళ ముందే సావిత్రీబాయి ఫూలే ఇంగ్లిష్ నేర్చుకోమని కవిత రాసింది. కులం మెట్ల మీద కింద ఉన్నవాళ్ళకు సంస్కృతం తలుపు ఎలాగూ మూసే ఉంది, ఇంగ్లిష్ తలుపు కనీసం తెరిచే అవకాశమైనా ఉందన్నది ఆవిడ దృష్టి. ఇంగ్లిష్ మీద మన వాదనల్లో ఈ రెండు గొంతులూ ఇప్పటికీ వినిపిస్తాయి. నాకైతే ఫూలే వైపే న్యాయం ఎక్కువ కనిపిస్తుంది.

అయితే మాతృభాష పట్టు పట్టినవాళ్ళంతా ఆడపిల్లలను అణచడానికే పట్టారనుకోకండి. మీ గోదావరి వైపే ఉదాహరణ ఉంది. రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయి ఇంగ్లిష్ మీడియంకు నిరసనగా చిన్నప్పుడే బడి మానేసి, ఆడపిల్లల కోసం హిందీ పాఠశాల పెట్టింది. అదే దుర్గాబాయి జైళ్ళు, చిన్నప్పటి పెళ్ళి అన్నీ దాటాక బెనారసు నుంచి మెట్రిక్, ఆంధ్రా యూనివర్సిటీ నుంచి బీఏ, మద్రాసులో లా పూర్తిచేసి ప్లీడరై, రాజ్యాంగసభలో ఇంగ్లిష్‌లో వాదించింది. 1958లో కేంద్రం బాలికల విద్య మీద వేసిన జాతీయ కమిటీకి అధ్యక్షురాలు కూడా ఆవిడే. వద్దనే హక్కు, తర్వాత కావాలనే హక్కు రెండూ ఆవిడ తనే తీసుకుంది. మీ తాతమ్మగారి తరంలో ఎక్కువమందికి ఆ రెండూ దక్కలేదు.

నైజాం సంగతి కాస్త వేరు. అక్కడ పై చదువుకు అడ్డుపడిన రాజభాష ఉర్దూ. 1918లో వచ్చిన ఉస్మానియాలో బోధన ఉర్దూలో, ఇంగ్లిష్ తప్పనిసరి సబ్జెక్టు. హైదరాబాదులో 1907లో మొదలైన మహబూబియా బాలికల పాఠశాల, మిషన్ వాళ్ళ స్టాన్లీ స్కూలు లాంటివి ఇంగ్లిష్ చెప్పినా అవి నగరంలో కొద్ది కుటుంబాలకే. పై కుటుంబాల్లో ఇంగ్లిష్ మోజు ఎంతుండేదో సరోజినీ నాయుడు చెప్పుకున్న చిన్ననాటి ముచ్చట చూస్తే తెలుస్తుంది. ఇంగ్లిష్ మాట్లాడనని మొండికేస్తే తొమ్మిదేళ్ళ వయసులో తండ్రి అఘోరనాథ్ ఒక రోజంతా గదిలో పెట్టాడట. పన్నెండేళ్ళకల్లా ఆమె మద్రాసు మెట్రిక్యులేషన్ పాసైంది. అప్పటికి హైదరాబాదు పిల్లలైనా ఆ పరీక్షకు మద్రాసు యూనివర్సిటీయే దిక్కు. తెలంగాణ పల్లెల్లో తెలుగు ఇళ్ళ ఆడపిల్లలకు ఇంగ్లిష్ మాట అటుంచి తెలుగే బళ్ళో దొరకడం కష్టంగా ఉండేది. మాడపాటి హనుమంతరావు, ఆయన మిత్రులు 1928లో నారాయణగూడలో ఆంధ్ర బాలికల పాఠశాల పెట్టారు. తెలుగు మీడియంలో నడిచే హైస్కూలుకు ఉస్మానియా గుర్తింపు ఇవ్వలేదు. దాంతో వాళ్ళు మహారాష్ట్రలో సంఘ సంస్కర్త కర్వే 1916లో పెట్టిన మహిళా విశ్వవిద్యాలయంతో అనుబంధం తెచ్చుకున్నారు. అక్కడ నియమం ఏమిటంటే చదువంతా మాతృభాషలో, ఇంగ్లిష్ ఒక తప్పనిసరి సబ్జెక్టు. అలా హైదరాబాదులో కూర్చుని తెలుగులో చరిత్ర, లెక్కలు చదువుకుంటూ పక్కన ఇంగ్లిష్ నేర్చిన అమ్మాయిల తొలి బ్యాచ్‌లు అక్కణ్ణించి వచ్చాయి.